బీ 1.6 వచ్చిందా? ముందు బావి ఏ దశలో ఉందో చూడండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మెకానికల్‌లో బీటెక్ చేసి ఎనిమిది నెలల క్రితం రాయదుర్గంలో ఒక ఆయిల్ అనలిటిక్స్ టీమ్‌లో చేరారు. అమెరికాలో నార్త్ డకోటా బాకెన్ పొరలో అడ్డంగా తవ్వి ఫ్రాక్ చేసిన (ప్రెషర్‌తో రాయిని పగలగొట్టిన) ఒక బావి తాలూకు 24 నెలల ఉత్పత్తి లెక్కలు చేతికిచ్చి, ముప్పై ఏళ్ళలో మొత్తం ఎంత చమురు వస్తుందో చెప్పమన్నారు. బావి ఉత్పత్తి కాలంతో ఎలా తగ్గుతుందో చెప్పే ఆర్ప్స్ ఈక్వేషన్ పెడితే, ఆ తగ్గుదల ఎంత త్వరగా నెమ్మదిస్తుందో చెప్పే బీ విలువ 1.6 వచ్చింది, ఫిట్ బ్రహ్మాండంగా కూర్చుంది, కానీ హ్యూస్టన్‌లో ఉన్న మీ లీడ్ ‘బీ ఒకటి దాటకూడదు’ అని తిప్పి పంపాడు. ఎవరిది కరెక్టు, భూమిలో చమురు కదలికని కంప్యూటర్‌లో నడిపి చూపే సిమ్యులేటర్ నేర్చుకుంటే ఈ తలనొప్పి పోతుందా అని మీ ప్రశ్న. సార్ అని రాశారు, అన్నా అంటే చాలు, నేనూ ఈ పనిలో తప్పులు చేసే నేర్చుకున్నాను.

ఇద్దరిదీ సగం కరెక్టే. మీ 1.6 ఈ 24 నెలలకి నిజం, ఆయన చెప్పింది ఆ తర్వాతి కాలానికి నిజం. బావి పుట్టినప్పటి నుంచి మూసేసేదాకా ఒకే బీతో ఒకే గీత గీయాలనుకోవడం దగ్గరే తేడా వస్తోంది.

ఆర్ప్స్ ఈ సూత్రాలు ఇచ్చింది 1945లో. అప్పటి బావులు నిటారుగా ఉండేవి, రాయిలో చమురు బాగానే కదిలేది, కొద్ది నెలల్లోనే బావి ప్రభావం చుట్టూ ఉన్న హద్దుల దాకా పాకేది. అలా హద్దులు తగిలాక, అడుగున ప్రెషర్ పెద్దగా మారకుండా ఉంటే, ఉత్పత్తి ఎలా తగ్గుతుందో చెప్పే సూత్రం అది. అందుకే బీ సున్నాకి ఒకటికి మధ్య ఉంటుందని పాతవాళ్ళు అంటారు. బీ ఒకటి, అంతకు మించి ఉంటే లెక్క ప్రకారం బావి నుంచి అనంతమైన చమురు రావాలి. అంత చమురు భూమిలో ఎక్కడిది? మీ లీడ్ భయం అదే.

ఇక మన బావి సంగతి. హైదరాబాద్‌లో ఉంటున్నారు కాబట్టి బోరు గురించి మీకు చెప్పక్కర్లేదు. మా నిజాంపేట అపార్ట్‌మెంట్‌లో బోరు వేసినప్పుడు మొదటి వారం మోటారు ఆపకుండా నడిచింది, ఏప్రిల్ వచ్చేసరికి పావుగంటకే గాలి కొట్టడం మొదలెట్టింది. మన కింద ఉన్నది గ్రానైటు, నీళ్ళు ఉండేది దాని పగుళ్ళలో. ఆ పగుళ్ళు ఎండితే బోరు ఎండినట్టే. టైట్ రిజర్వాయర్‌లో, అంటే చమురు కష్టంగా కదిలే బిగువు రాతిలో, కథ తిరగబడుతుంది: చమురు ఉండేది రాతి రంధ్రాల్లో, మనం నీళ్ళూ ఇసుకా ప్రెషర్‌తో కొట్టి చేసిన పగుళ్ళు కేవలం దారి. పగులులో నిల్వ ఉండేది దాదాపు ఏమీ లేదు. కానీ రాయి మాత్రం ఎంత బిగువుగా ఉంటుందంటే, ద్రవం రాయిలోంచి ఎంత సులువుగా కదులుతుందో చెప్పే పర్మియబిలిటీ 0.1 మిల్లీడార్సీ కంటే తక్కువ అయితే టైట్ అంటాం, బాకెన్‌లో తరచూ అందులో నూరో వంతు దగ్గర మాట్లాడతాం. మన గోదావరి జిల్లాల కింద ఉన్న మండపేట ఇసుకరాయి కూడా ఈ బిగువు జాతిదే, కాకపోతే అక్కడ వచ్చేది గ్యాస్.

గ్రౌండ్‌వాటర్ వాళ్ళు వాడే 1935 నాటి థీస్ సూత్రం, మనం వాడే సూత్రాలు, రెండూ ఒకే ఈక్వేషన్ పిల్లలు. ప్రెషర్ తగ్గుదల రాయిలో వేడి పాకినట్టు మెల్లగా పాకుతుంది, అంతే. హబ్సిగూడ ఎన్‌జీఆర్‌ఐలో (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) మహేశ్వరం, చౌటుప్పల్ బోర్ల మీద పనిచేసే వాళ్ళతో ఒకసారి మాట్లాడితే మన సగం సందేహాలు తీరతాయని నా నమ్మకం.

ఇప్పుడు అసలు విషయం. పగులు ఒక పెద్ద గోడలాంటిది. రాయిలోని చమురు ఆ గోడ వైపు నేరుగా, సమాంతరంగా నడుస్తుంది. దీన్నే లీనియర్ ఫ్లో అంటాం. రోజులు గడిచేకొద్దీ చమురు ఇంకా దూరం నుంచి రావాలి, కాబట్టి రేటు కాలం వర్గమూలానికి విలోమంగా పడిపోతుంది. అంటే నాలుగు రెట్లు కాలం గడిస్తే రేటు సగం. మొదటి నెల రోజుకి 400 బ్యారెళ్ళు ఉంటే నాలుగో నెల 200, పదహారో నెల 100. ఈ పద్ధతిని ఆర్ప్స్ సూత్రంలో కూర్చోబెడితే బీ విలువ సరిగ్గా 2 వస్తుంది. కాబట్టి మీ 1.6ని చూసి హడలిపోవక్కర్లేదు. మీ బావి ఇంకా చాలావరకు లీనియర్ ఫ్లోలోనే ఉందని, రేటు గీత ఎక్కడో వంగడం మొదలైందో లేక మొదటి నెలల్లో ఏదో అడ్డం పడిందో అని అది చెబుతోంది. రెండిట్లో ఏదో బీ ఒక్కదాన్ని చూసి ఎవరూ చెప్పలేరు. బీ రాతి గుణం కాదు, బావి ప్రస్తుతం ఏ దశలో నడుస్తోందో చెప్పే సంఖ్య. దశ మారితే అదీ మారుతుంది.

ఎంత తేడా పడుతుందో ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను, మీరూ ఎక్సెల్‌లో వేసి చూడండి. మొదటి రేటు నెలకి 18,000 బ్యారెళ్ళు, మొదటి డిక్లైన్ (రేటు తగ్గే వేగం) నెలకి 0.3, బీ 1.6 అనుకోండి. 24 నెలల్లో వచ్చేది దాదాపు 1.58 లక్షల బ్యారెళ్ళు, అప్పటికి రేటు నెలకి 3,700 దాకా దిగుతుంది. అదే గీతని ముప్పై ఏళ్ళు పొడిగిస్తే మొత్తం 5.92 లక్షలు. ఇప్పుడు 24వ నెల దగ్గరే హద్దులు తగిలాయని, అక్కడి నుంచి అదే రేటు, అదే డిక్లైన్‌తో మొదలుపెట్టి బీని 0.4కి మార్చండి. ముప్పై ఏళ్ళ మొత్తం 3.86 లక్షలకి పడిపోతుంది. మీ చేతిలో ఉన్న 24 చుక్కలు రెండిట్లోనూ ఒక్కటే. ఫిట్ రెండిట్లోనూ అంతే బాగుంటుంది. రెండు లక్షల బ్యారెళ్ళ తేడా మొత్తం ఇంకా రాని నెలల్లో ఉంది. ఆర్-స్క్వేర్ (ఫిట్ ఎంత బాగా కూర్చుందో చెప్పే అంకె) 0.99 వచ్చిందని మెయిల్‌లో బోల్డ్ చేసి పెట్టేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది, ఎందుకంటే దానికి ఈ తేడా కనపడనే కనపడదు.

కాబట్టి తేల్చాల్సింది ఒక్కటే, లీనియర్ ఫ్లో ఎప్పుడు ముగుస్తుంది. పక్కపక్కన ఉన్న రెండు పగుళ్ళ ప్రభావాలు మధ్యలో కలుసుకున్నప్పుడు అది ముగుస్తుంది. ఆ దూరం కట్టడానికి చిన్న లెక్క ఉంది: పర్మియబిలిటీని మిల్లీడార్సీల్లో, కాలాన్ని రోజుల్లో తీసుకుని గుణించి, దాన్ని పోరాసిటీ (రాతిలో రంధ్రాల వాటా), చమురు చిక్కదనం, మొత్తం కంప్రెసిబిలిటీ (ప్రెషర్ మారితే రాయీ ద్రవమూ ఎంత నలుగుతాయో), ఈ మూడింటి లబ్ధంతో భాగించి, వర్గమూలం తీసి, 0.159తో గుణిస్తే అడుగుల్లో దూరం వస్తుంది. పోరాసిటీ 6 శాతం, చిక్కదనం 0.5 సెంటీపాయిజ్, కంప్రెసిబిలిటీ పీఎస్‌ఐకి 0.000015 పెట్టండి. పర్మియబిలిటీ 0.001 మిల్లీడార్సీ అయితే ఏడాదికి ప్రభావం పాకేది సుమారు 143 అడుగులు, రెండేళ్ళకి 202. అందులో పదో వంతు పర్మియబిలిటీ అయితే ఏడాదికి 45 అడుగులే.

ఇక్కడ కంప్లీషన్ రిపోర్ట్ (బావిని ఎలా ఫ్రాక్ చేశారో చెప్పే కాగితం) పక్కన పెట్టుకోండి, సరదా మొదలవుతుంది. మీ బావిలో క్లస్టర్లు, అంటే పగుళ్ళు మొదలయ్యేలా పైపుకి రంధ్రాలు చేసిన చోట్లు, 50 అడుగులకొకటి అని రాసి ఉందనుకోండి. అంటే ఒక్కో పగులు 25 అడుగులు పాకితే పక్కదాన్ని కలుస్తుంది. 0.001 మిల్లీడార్సీ రాయిలో అది 11 రోజుల పని! మరి 24 నెలలు లీనియర్ ఫ్లో ఎలా నిలిచింది? అది కుదరాలంటే పర్మియబిలిటీ 15 నానోడార్సీలకి (0.000015 మిల్లీడార్సీ) మించకూడదు, బాకెన్ మధ్య పొరకి అది మరీ తక్కువ. లేదంటే అన్ని క్లస్టర్లూ పని చేయడం లేదు. కాగితం మీద 50 అడుగులు, భూమిలో నిజంగా చమురు లాగుతున్న పగుళ్ళు 300, 400 అడుగులకొకటి. నా అనుభవంలో రెండోదే ఎక్కువసార్లు నిజం, ఒక స్టేజ్‌లో, అంటే ఒక్కసారి ఫ్రాక్ చేసే భాగంలో, నాలుగైదు క్లస్టర్లు ఉంటే ద్రవం సులువుగా పోయే ఒకటి రెండిట్లోకే ఎక్కువ దూరేస్తుంది. మోడల్‌లో క్లస్టర్లన్నీ సమానంగా గీసేసేవాళ్ళు ఈ లెక్క ఒక్కసారి వేసుకుంటే చాలు.

గ్రాఫుల సంగతి. చాలామంది లాగ్-లాగ్ మీద రేటు గీసి మైనస్ సగం వాలు కోసం వెతుకుతారు. దొరకదు, నిరాశపడతారు. కారణం, మొదటి రోజుల్లో పగులులోనూ బావి గోడ దగ్గరా ఉన్న అడ్డంకి వల్ల గీత చదునుగా కనపడుతుంది. బదులుగా రేటుకి విలోమాన్ని నిలువుగా, కాలం వర్గమూలాన్ని అడ్డంగా పెట్టి గీయండి. లీనియర్ ఫ్లో సరళరేఖగా వస్తుంది, ఆ అడ్డంకి నిలువు అక్షం మీద కాస్త ఎత్తుగా కనిపించి వాలుని పాడుచేయదు. రేఖ ఎక్కడ పైకి వంగిందో అదే ముగింపు కాలం.

ఆ వాలు నుంచి దొరికేది పగుళ్ళ మొత్తం వైశాల్యం, పర్మియబిలిటీ వర్గమూలం, రెండిటి లబ్ధం మాత్రమే. ఇది గుండె మీద రాసుకోండి. వైశాల్యం సగం చేసి పర్మియబిలిటీ నాలుగు రెట్లు చేస్తే అదే గీత వస్తుంది. ‘పగులు సగం పొడవు 312 అడుగులు’ అని ఎవరైనా అడుగుతో సహా కచ్చితంగా చెబితే, పర్మియబిలిటీ ఎక్కడ నుంచి తెచ్చారని అడగండి, మొహం చూడండి. అయితే ఒక చక్కని సంగతి కూడా ఉంది. వాలు, ముగింపు కాలం రెండూ తెలిస్తే, ఆ పగుళ్ళ మధ్య ఉన్న రాతిలో ఎంత చమురు ఉందో పర్మియబిలిటీ తెలియకుండానే కట్టొచ్చు, రెండు లెక్కలనీ గుణిస్తే అది రద్దయిపోతుంది. కంప్రెసిబిలిటీ మాత్రం సరిగ్గా తెలియాలి. ముప్పై ఏళ్ళ అంకెకి పైకప్పు వేసేది ఇదే, బీ మీద కొట్లాడుకోవడం కంటే దీని మీద మాట్లాడటం మేలు.

ఇవన్నీ చేసే ముందు డేటా శుభ్రం చేయాలి. నా కథ చెబుతాను. చేరిన కొత్తలో, పేరు అనవసరం, ఒక కంపెనీకి నలభై బావులు ఫిట్ చేసి ఇచ్చాను. ఒకదానికి బీ 1.9 వచ్చింది, ‘స్టార్ వెల్’ అని స్లైడ్‌లో పెట్టాను. మీటింగ్‌లో ఒక పెద్దాయన, పదవీ విరమణకి దగ్గర్లో ఉన్నాడు, స్లైడ్ వైపు చూసి నెమ్మదిగా ‘ఏడో నెల, ఎనిమిదో నెల ఏమైంది’ అన్నాడు. నేను నెల ఉత్పత్తిని ముప్పైతో భాగించుకుంటూ పోయాను. ఆ రెండు నెలలు పక్క బావి ఫ్రాక్ చేస్తున్నారని ఈ బావిని ఆపేశారట, ఏడో నెల ఆరు రోజులు నడిచింది, ఎనిమిదో నెల మూడు. తెరిచాక పేరుకున్న ప్రెషర్‌తో ఒక్కసారిగా పొంగింది. నా ఫిట్‌కి అది తగ్గకపోవడంలా కనిపించింది. ఆ మీటింగ్‌లో గొంతు తడారిపోయింది నాకు, ఏసీ ఉన్నా చెమట. ఆ రోజు నుంచి ఎవరి డేటా వచ్చినా ముందు ‘నడిచిన రోజులు’ కాలమ్ చూస్తాను. నార్త్ డకోటా వాళ్ళు ఆ కాలమ్ బావి వారీగా బయట పెడతారు, మీరు అదృష్టవంతులు. టెక్సాస్‌లో చమురు లెక్క లీజు వారీగా ఉంటుంది, ఒక లీజులో ఐదు బావులుంటే ఏది ఎంత ఇచ్చిందో మీరే విడగొట్టుకోవాలి.

రెండోది ప్రెషర్. పైన చెప్పిన సరళరేఖలన్నీ అడుగున ప్రెషర్ స్థిరంగా ఉందనుకుని గీసినవి. నిజానికి మొదటి నెలల్లో చోక్ (బావి పైన ప్రవాహాన్ని అదుపు చేసే వాల్వు) కొద్దికొద్దిగా తెరుస్తారు, తర్వాత పంపు దించుతారు. చోక్ తెరుస్తూ పోతే రేటు తగ్గకుండా నిలబడినట్టు ఉంటుంది, మీరు బీ పెంచుకుంటారు. రేటుని ప్రెషర్ తేడాతో భాగించి, కాలం బదులు మొత్తం ఉత్పత్తిని అప్పటి రేటుతో భాగిస్తే వచ్చే కాలాన్ని అడ్డంగా వాడితే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. అడుగు ప్రెషర్ లేకపోతే పైన ట్యూబింగ్ (చమురు పైకొచ్చే గొట్టం) ప్రెషర్ అయినా అడగండి, లేనిదానికంటే నయం.

మూడోది గ్యాస్. అడుగు ప్రెషర్ బబుల్ పాయింట్ (చమురులో కరిగిన గ్యాస్ బయటికి రావడం మొదలయ్యే ప్రెషర్) కిందకి దిగితే రాతిలోనే గ్యాస్ విడివడుతుంది, చమురుకి దారి ఇరుకవుతుంది, కంప్రెసిబిలిటీ బాగా మారిపోతుంది, మన లెక్కలు కాస్త వణుకుతాయి. కానీ దీనిలో ఒక ఉపయోగం ఉంది. అడుగు ప్రెషర్ స్థిరంగా ఉన్నంతవరకు, లీనియర్ ఫ్లోలో గ్యాస్-ఆయిల్ నిష్పత్తి పెద్దగా పెరగకుండా ఒక మట్టంలో ఉంటుంది, హద్దులు తగిలాక పైకి లేస్తుంది. చమురు గీత వంగిందా లేదా అని తికమకగా ఉన్నప్పుడు గ్యాస్ గీత చూస్తాను నేను. రెండూ ఒకే నెల చుట్టూ కదిలితే ధైర్యం వస్తుంది.

సిమ్యులేటర్ నేర్చుకోవాలా? నేర్చుకోండి, కానీ ఇవి చేశాక. డబ్బు పెట్టక్కర్లేదు, ఓపీఎమ్ ఫ్లో ఉచితం, మ్యాట్‌ల్యాబ్ ఉంటే ఎమ్‌ఆర్‌ఎస్‌టీ కూడా. రెండు మైళ్ళ బావి మొత్తం మోడల్ చేయాలని మొదటిరోజే కూర్చోకండి. ఒక పగులులో పావు ముక్క చేయండి, చుట్టూ మూసిన గోడలు పెట్టండి, పగుళ్ళు నలభై అయితే జవాబుని 160తో గుణించండి. చివరి పగుళ్ళు కొంచెం ఎక్కువిస్తాయి, ఇప్పటికి వదిలేయండి. అసలు పగులు వెడల్పు మూడు మిల్లీమీటర్లు ఉంటే గ్రిడ్‌లో అంత సన్న గడి పెడితే సిమ్యులేటర్ నడవదు, ఏడుస్తుంది. అందుకని వెడల్పుని 30 సెంటీమీటర్లు చేసి, పగులు పర్మియబిలిటీని 1,000 మిల్లీడార్సీల నుంచి 10కి దించుతాం, లబ్ధం మారకూడదు, అదే ముఖ్యం. పోరాసిటీని కూడా వంద రెట్లు తగ్గించడం మరిచిపోతే పగులులో లేని చమురు పుట్టుకొస్తుంది, కొత్తవాళ్ళు పదిమందిలో సగం మంది ఇక్కడే పడతారు. పగులు పక్క గడులు సన్నగా మొదలై దూరం వెళ్ళేకొద్దీ వెడల్పు కావాలి. 50 అడుగుల గడి పగులు పక్కనే పెడితే మొదటి ఆరు నెలలు మోడల్ చెప్పేదంతా కల్పన.

మోడల్ తయారయ్యాక హిస్టరీ మ్యాచ్ (మోడల్‌ని పాత ఉత్పత్తి లెక్కలకి సరిపెట్టడం) కుదురుతుంది, అదే ప్రమాదం. పొడవు, పర్మియబిలిటీ, పనిచేసే పగుళ్ళ సంఖ్య, పగులు కాలంతో మూసుకుపోయే వేగం, ఈ నాలుగూ కలిపి తిప్పితే వందరకాలుగా అదే గీత వస్తుంది. ఒక్క మ్యాచ్ చూపించి ఇదే నిజం అనకండి, మ్యాచ్ అయిన ఇరవై ముప్పై మోడల్స్‌ని ముందుకు నడిపి వచ్చిన అంకెల మధ్య దూరం చూపించండి.

మెషీన్ లెర్నింగ్ గురించి కూడా అడిగారు. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసిన పిల్లలు నా దగ్గరికి వచ్చి ఎల్‌ఎస్‌టీఎమ్ (వరుస డేటా నుంచి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్) పెడతామంటారు. వందల బావులు, ఒకే పొర, ఒకేలాంటి ఫ్రాక్ అయితే కొత్త బావి మొదటి ఏడాది ఎలా ఉంటుందో ఊహించడానికి పనికొస్తుంది. ముప్పై ఏళ్ళకి మాత్రం వద్దు, ముప్పై ఏళ్ళు నడిచిన ఇలాంటి బావే లేనప్పుడు అది ఎవరి దగ్గర నేర్చుకుంటుంది?

మీ లీడ్‌కి నేనైతే ఇలా రాస్తాను: ‘24 నెలల వరకు లీనియర్ ఫ్లో కనిపిస్తోంది, ఆ భాగానికి బీ ఎక్కువగా ఉండటం సహజం, ముగింపు ఇప్పుడే మొదలైతే ఇంత, మరో మూడేళ్ళు సాగితే ఇంత, ముగిశాక బీని 0.3 నుంచి 0.5 మధ్య పెట్టాను’. రెండు అంకెలు, వాటి వెనక రెండు కారణాలు. ఆయన ఒకటి దాటకూడదు అన్నది ముగింపు తర్వాతి భాగానికి మీరు పాటించినట్టే, గొడవ లేదు.

పంపే ముందు పంపు ఎప్పుడు దించారో ఫీల్డ్ వాళ్ళని అడగండి. ఆ తేదీ మీ 24 నెలల మధ్యలో ఉంటే 1.6ని మరిచిపోయి ప్రెషర్‌తో కలిపి ఫిట్ మళ్ళీ మొదటి నుంచి చేయాలి.